లిల్లీల మధ్య పడిన బాట

హయత్‌నగర్ దాటాక, అవుటర్ రింగ్ రోడ్డుకు కాస్త ఇవతల సొంతిల్లు కట్టుకున్న ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వాళ్లది 400 గజాల స్థలం. సగంలో ఇల్లు, మిగతా సగం ఖాళీ. గృహప్రవేశమైన ఏడాదికి ఒక నర్సరీ అతన్ని పిలిచి 60 వేలు పెట్టి తోట వేయించారు. గేటు నుంచి వరండా దాకా పాములా మెలికలు తిరిగే దారి, అందులో గుండ్రటి రాళ్లు, రెండు పక్కలా లిల్లీలు, అవతల లాన్. చూడటానికి బాగానే ఉంది కానీ, మొదటి వానాకాలంలోనే ఇంట్లోవాళ్లు, పనమ్మాయి, పాలబ్బాయి అందరూ మెలికల దారి వదిలేసి లిల్లీల మధ్యగా అడ్డంగా నడిచేశారు. రెండుసార్లు కొత్త మొక్కలు తెచ్చి నాటినా బతకలేదు. ఇప్పుడు అక్కడ అడుగు వెడల్పున మట్టి గట్టిపడి బండలా అయిపోయింది.

ఆమె అత్తగారికి 78 ఏళ్లు. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా, చెంబుతో నీళ్లు పట్టుకుని, ఇంటి ఉత్తరం సందులోంచి పెరట్లోని తులసికోట దగ్గరికి వెళ్లడం అలవాటు. పోయిన వానాకాలం ఆ సందులోని గ్రానైట్ మీద జారిపడితే మణికట్టు విరిగింది. అంతకు ముందు ఏడాది తొలకరి రోజుల్లో వరండా మెట్ల దగ్గర పాము కనిపించింది. అప్పటి నుంచి భర్తది ఒకటే మాట: మొక్కలన్నీ తీసేసి మొత్తం ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేయించేద్దాం. లక్షన్నరకు ఎస్టిమేట్ కూడా తీసుకున్నారు. దసరా వెళ్లాక పని మొదలవుతుందట. బెంగళూరులో ఉన్న కొడుకేమో లాన్ ముట్టుకోవద్దంటున్నాడు. "ఈ విషయం మీదే మావారికీ నాకూ మాటలు తగ్గిపోయాయి. నాలుగేళ్లలో రిటైర్ అవుతాను. అప్పుడు నాలుగు మొక్కల మధ్య కూర్చోవాలని ఎన్నో ఏళ్లుగా ఆశ. అత్తయ్య పడ్డాక కూడా నేను మొక్కలంటుంటే స్వార్థంగా అనిపిస్తోంది. అసలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగారు. చేత్తో గీసిన స్కెచ్ కూడా జత చేశారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మొక్కల గురించి రాసిన భాగం కంటే, లిల్లీల మధ్య పడిన ఆ బాట గురించి రాసిన నాలుగు వాక్యాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఆ బాటను మీరు నష్టంగా లెక్కేసుకున్నారు. నాకు మాత్రం అది మీ ఇంటివాళ్లంతా కలిసి ఒప్పుకున్న ఒకే ఒక్క విషయంగా కనిపించింది. మీ స్కెచ్‌లో గేటు తూర్పు గోడకు ఉత్తరం చివర ఉంది, వరండా మెట్లు మధ్యలో ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య దారి ఐమూలగానే పడుతుంది. చేతిలో కూరగాయల సంచి ఉన్నవాళ్లు, వానలో తడుస్తూ వచ్చేవాళ్లు, పాలప్యాకెట్లు పడేసి వెళ్లిపోయే కుర్రాడు అలాగే నడుస్తారు. మెలికల దారి వేసినతను దాన్ని గేటు బయట నిలబడి చూసి గీశాడు. దాని మీద బకెట్ పట్టుకుని నడిచి చూసి ఉండడు.

ముందుగా, స్వార్థం గురించి. మీకు మొక్కలు కావాలి, మీ వారికి పాము భయం పోవాలి, మీ అత్తగారికి తులసికోట దాకా పడకుండా వెళ్లి రావాలి. ఇందులో ఎవరిది న్యాయం కాదని అనగలం? మీ వారు "టైల్స్" అన్న ప్రతిసారీ ఆ మాటలో వాళ్లమ్మ విరిగిన చెయ్యి ఉంది. మీకు అది మొండితనంలా వినిపిస్తోంది. మీరు "మొక్కలు" అన్నప్పుడు ఆయనకు ఆ పాము కనిపిస్తోంది. మీ ఇద్దరి మధ్య తేలాల్సింది మొక్కలా, టైల్సా అని కాదు. కాలు ఎక్కడ పెట్టాలన్నది ముందు తేలాలి. అది తేలితే మిగిలిన నేల ఎవరి వాటాకు ఎంతో దానంతట అదే తెలుస్తుంది. అందుకే తోట పని ఎప్పుడూ దారుల నుంచి మొదలవ్వాలంటాను. మన నగరమే అలా మొదలైంది కదా. 1591లో చార్మినార్ కట్టినప్పుడు నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీశారు, ఊరు ఆ దారుల చుట్టూ పెరిగింది.

ఇక మీ ముందున్న మార్గాలు చూద్దాం.

మొదటిది మీ వారు అన్నట్టు మొత్తం టైల్స్ వేసేయడం. దీన్ని తీసిపారేయలేను. ఊడ్చుకోవడం సులువు, బురద ఉండదు, బండి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కానీ ఒక లెక్క మీ వారి ముందు పెట్టండి. మీ ఖాళీ స్థలం 1,800 చదరపు అడుగులు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఒక గట్టి వానకు 50 మిల్లీమీటర్లు పడిందంటే మీ ఆవరణలోనే 8 వేల లీటర్ల పైచిలుకు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర కంటే ఎక్కువ. మట్టి ఉంటే అందులో చాలా భాగం ఇంకుతుంది. టైల్స్ అయితే సందుల్లోంచి కొంచెం దిగి, తక్కినదంతా గేటు వైపుకో, వాటం సరిగా లేకపోతే మీ వరండా వైపుకో వస్తుంది. 2020 అక్టోబరు వానలు మీ వైపు కాలనీల్లో ఎవరూ మర్చిపోయి ఉండరు. ఎండాకాలంలో ఇంకో బాధ. ఏప్రిల్, మే నెలల్లో కాలిన టైల్స్ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి, కిటికీలు తెరిస్తే ఆ సెగ ఇంట్లోకే వస్తుంది. పాముల సంగతి కూడా నిజం చెప్పాలి. పాము వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం. గోడ పక్కన మిగిలిపోయిన ఇటుకల కుప్ప, మూతలేని డ్రైనేజీ గొట్టం, గేటు కింద నాలుగు వేళ్ల సందు అలాగే ఉంటే టైల్స్ మీదుగానే వస్తుంది. ఆ మూడూ సరిచేయడానికి లక్షన్నర అక్కర్లేదు, ఒక ఆదివారం చాలు.

రెండోది మీ అబ్బాయి కోరిక, లాన్ ఉంచి మధ్యలో కాలు పెట్టే చోటల్లా ఒక్కో బండ వేయడం. ఫొటోల్లో బాగుంటుంది. వయసులో ఉన్నవాళ్లు మామూలుగా నడిచేటప్పుడు అడుగుకీ అడుగుకీ మధ్య రెండడుగుల దూరం పడుతుంది, బండలు ఆ లెక్కనే వేస్తారు. మీ అత్తగారి అడుగు అందులో సగం ఉంటే ఎక్కువ. ఒక కాలు బండ మీద, ఒక కాలు తడి గడ్డిలో పడుతుంది. ఆవిడ నడిచే చోట ఇది వద్దే వద్దు. పైగా ఎండాకాలంలో లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు ఇంచుమించు 5 లీటర్ల నీళ్లు కావాలి. 60 చదరపు మీటర్ల లాన్ అంటే రోజుకు 300 లీటర్లు. మీ బోరు మే నెలలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏటా రెండుసార్లు వచ్చే అబ్బాయి కోసం అన్ని నీళ్లు పోయగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. వరండా ముందు పది పన్నెండు అడుగుల ముక్క ఉంచుకుంటే అతని మాటా నిలబెట్టినట్టవుతుంది.

మూడోది నా మనసుకు దగ్గరగా ఉన్నది. కాళ్లు నిజంగా నడిచే చోట మాత్రమే గట్టి దారి వేసి, మిగతా నేలను నేలగా వదిలేయడం. మీ స్కెచ్ మీద లెక్క కట్టాను. గేటు నుంచి వరండాకు ఐమూలగా 28 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఉత్తరం సందులోంచి తులసికోటకు 40 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. వంటింటి వెనక గుమ్మం నుంచి ఉతికే బండ మీదుగా దండెం దాకా 20 అడుగులు అనుకుంటున్నాను, వెడల్పు 3. కారుకు 18 బై 10. అన్నీ కలిపితే 472 చదరపు అడుగులు, మీ ఖాళీ స్థలంలో పావు వంతుకు కాస్త పైన. మీ వారు ఖర్చు పెడదామనుకున్న డబ్బులో సగం లోపే అయిపోవచ్చు. కాబట్టి ఆ పావు వంతును బాగా వేయించుకోవడానికి డబ్బు మిగులుతుంది. మిగిలిన 1,300 చదరపు అడుగులు మీ వాటా.

నాలుగో మార్గం కూడా ఉంది. ఈ ఏడు ఒక్క తులసికోట దారే వేయించి, తక్కినవి వచ్చే ఏటికి వదిలేయడం. డబ్బు ఇబ్బందైనా, మాట కుదరకపోయినా ఇదే మంచిది. మేస్త్రీని రెండుసార్లు పిలవడం వల్ల కూలి కొంత ఎక్కువవుతుంది, ఇల్లు రెండుసార్లు దుమ్ము పడుతుంది. కానీ ఆ ఒక్క దారితో మీ వారి దిగులులో పెద్ద ముక్క పోతుంది, తర్వాత మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఏది ఎంచుకున్నా, మేస్త్రీ రాకముందు ఒక పని చేయండి. శ్రావణమాసం కదా, పేరంటాలకు వచ్చిపోయేవాళ్లు ఉంటారు, వానలూ ఉంటాయి. ఇంతకంటే మంచి సమయం దొరకదు. రెండు వారాలు ఎవరికీ ఏమీ చెప్పకుండా చూడండి: ఎవరు ఎక్కడ నడుస్తున్నారు, గ్యాస్ సిలిండర్ ఎటు నుంచి వస్తోంది, వాన వెలిసిన గంటకు ఎక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి. తర్వాత ఒక ఆదివారం పొద్దున ముగ్గుపిండితో ఆ దారుల అంచులు గీయండి. టేపు రెండో కొస మీ వారి చేతికివ్వండి. పెద్ద చర్చేమీ అక్కర్లేదు, "ఇక్కడ పట్టుకోండి" అంటే చాలు. గీశాక నిండు బకెట్‌తో నడవండి, స్కూటర్ తోయండి, రాత్రి లైటు ఆపి నడవండి. మీ అత్తగారి పక్కన చెయ్యి పట్టుకుని నడిచి చూడండి, అప్పుడు 4 అడుగుల వెడల్పు ఎందుకన్నానో తెలుస్తుంది. ఇద్దరు పక్కపక్కన నడవాలంటే అంత కావాలి. మూడడుగులైతే ఒకరు ముందు, ఒకరు వెనక. వానకు ముగ్గు చెరిగిపోతే మళ్లీ గీయండి. మూడు నాలుగుసార్లు గీసేసరికి గీత సరైన చోటికి వచ్చి ఆగుతుంది.

మెలికలంటే మీకు ఇష్టమని రాశారు. ఉంచుకోవచ్చు, అయితే మలుపు దగ్గర దాటి పోలేనిది ఒకటి ఉండాలి. చెట్టో, పెద్ద బండరాయో, నీళ్లతొట్టో ఉంటే మనిషి దాని చుట్టూ తిరుగుతాడు. ఉత్త లిల్లీలుంటే దాటేస్తాడు. మీ స్కెచ్‌లో దక్షిణం వైపు వేపచెట్టు ఉంది. కూర్చునే చోటుకు వెళ్లే చిన్న దారిని దాని చుట్టూ వంపు తిప్పండి, అక్కడ అందంగా ఉంటుంది. తొందర ఉన్నవాళ్లెవరూ అటు రారు.

ఇప్పుడు తులసికోట దారి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన 40 అడుగులు అవే.

ఉత్తరం సందుకు వానాకాలంలోనూ చలికాలంలోనూ ఎండ సరిగా తగలదు, తడి ఆరదు, పాకుడు పడుతుంది. దాని మీద నున్నటి గ్రానైట్ వేయడం మొదటి తప్పు, అది మీ తప్పు కాదు. ఉన్న గ్రానైట్‌కు మెషిన్‌తో అడ్డంగా గాట్లు పెట్టించవచ్చు. ఖర్చు తక్కువే, కానీ గాట్లలో మట్టి చేరి మళ్లీ పాకుడు వస్తుంది, వారం వారం బ్రష్‌తో రుద్దాలి. తీసేయించే స్తోమత ఉంటే పాలిష్ లేని షాబాద్ బండ గానీ తాండూరు బండ గానీ గరుకు వైపు పైకి వచ్చేలా వేయించండి. ఆవిడ చెప్పుల్లేకుండా నడుస్తారు కాబట్టి నల్లటి కడప బండ వద్దు, ఎండ తగిలే చివరి పది అడుగుల్లో పాదం కాలుతుంది. బండలు ఎండగా ఉన్నప్పుడు, తడిగా ఉన్నప్పుడు మీరే ఉత్త కాళ్లతో నిలబడి చూసి కొనండి. దుకాణంలో మగ్గు నీళ్లు అడిగితే ఎవరూ కాదనరు.

దారిలో మెట్టు ఉండకూడదు. మరీ ముఖ్యంగా అంగుళం, రెండంగుళాల ఎత్తుతేడాలు. పెద్ద మెట్టు కంటికి కనిపిస్తుంది, ఇవి కనిపించవు. వరండా నుంచి నేలకు అడుగున్నర దిగాలని రాశారు. అక్కడ ర్యాంపు వేయించదలిస్తే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్క, అంటే మీకు 18 అడుగులు. సందు పొడవున గోడ వెంట అది సరిపోతుంది. అంత వద్దనుకుంటే 6 అంగుళాల మెట్లు మూడు, ఒక్కొక్కటి కనీసం అడుగు వెడల్పుతో, పక్కన స్టీలు రెయిలింగ్. ఇప్పుడు మెట్లు చాలు. రేపు వాకర్ అవసరమైతే ర్యాంపే మేలు. ఏది చేసినా ఆవిడ చెయ్యి ఆనే చోట, నడుము ఎత్తులో రెయిలింగ్ తప్పనిసరి. ఆవిడ ఏ చేత్తో చెంబు పట్టుకుంటారో చూసి, రెండో చేతి వైపు పెట్టించండి. వెళ్లేటప్పుడు కుడి వైపు ఉన్నది వచ్చేటప్పుడు ఎడమవుతుంది కానీ, వచ్చేటప్పుడు చెంబు ఖాళీ కదా.

దారి అడుగు భాగం గురించి మేస్త్రీ దగ్గర గట్టిగా నిలబడండి. చాలామంది మట్టి మీద రెండు తట్టల ఇసుక పోసి టైల్స్ పరిచేస్తారు, రెండు వానలకు ఎగుడుదిగుడవుతాయి. మీది ఎర్రనేల అయితే ఏడెనిమిది అంగుళాలు తవ్వి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టి, 4 అంగుళాలు కంకర, రాతి డస్ట్ కలిపి మళ్లీ కొట్టి, అంగుళం ఇసుక పరిచి, దాని మీద బండ వేయాలి. నల్లరేగడి అయితే వేరే కథ. వేసవిలో వేలు దూరేంత పగుళ్లు వస్తే అది రేగడే. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని పైనున్నదాన్ని కదిలిస్తూనే ఉంటుంది. అక్కడ అడుగు లోతు తీసేసి మొరం పోయించండి. నడకదారికి ఇంటర్‌లాకింగ్ టైల్ అయితే 60 మిల్లీమీటర్ల మందం చాలు, కారు నిలిపే చోట 80 అయితే మేలు. రెండు అంచులా కట్టు లేకపోతే టైల్స్ పక్కకు జరిగిపోతాయి. వాటం అడుగుకు పావు అంగుళం, ఇంటి గోడకు దూరంగా. మేస్త్రీ "కంటికే తెలుస్తుందమ్మా" అన్నా సరే, రసమట్టం పెట్టించి చూడండి. పని అయ్యాక ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూశాకే చివరి డబ్బులివ్వండి. వాటం ఈశాన్యానికే ఉండాలని మీ వారు అన్నారట. మీ గేటు అటే ఉంది కాబట్టి అక్కడ ఇంకుడుగుంత తవ్విస్తే ఆయన మాటా, నేల అవసరమూ రెండూ తీరతాయి.

ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పరు, తర్వాత అందరూ బాధపడతారు. దారి వేసేముందే దాని కింద అడ్డంగా 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు చోట్ల పాతించండి. రేపు మొక్కలకు నీళ్ల పైపు, దారి పక్కన లైట్ల వైరు అందులోంచి లాగొచ్చు. లేదంటే కొత్త దారిని పగలగొట్టాల్సిందే. సెప్టిక్ ట్యాంకు మూత, డ్రైనేజీ చాంబర్లు దారి కింద పూడ్చకండి.

మొక్కలు చివర్న. దారి అంచు నుంచి అడుగున్నర, రెండడుగుల దాకా పాదం ఎత్తు దాటనివి, గుబురుగా అల్లుకోనివి పెట్టండి, నేల కనిపిస్తూ ఉండాలి. పాము విషయంలో మీ వారికి అసలైన ధైర్యం అదే. కాగితంపూలు, గులాబీలు దారికి దూరంగా ఉంటే చీర పట్టుకోవు. బాదం, రావి లాంటివి దారి దగ్గర వద్దు, వేళ్లు బండల్ని లేపేస్తాయి. తులసికోటకు ముందు మలుపులో పారిజాతం ఒకటి వేయండి. పారిజాతాలు నేల మీద రాలినవే పూజకు పనికొస్తాయి కాబట్టి, సాయంత్రం చెట్టు కింద ఒక పాత పంచె పరిచి, పక్కన కూర్చునే ఎత్తులో చిన్న అరుగు కట్టించండి. మీ అత్తగారు తెల్లారి అక్కడ కూర్చుని, వంగకుండా పంచె కొస లాక్కుంటే పూలు ఒళ్లోకే వస్తాయి. మొక్కలంటే పడని ఇంట్లో ఆ ఒక్క చెట్టు మీ తరఫున మాట్లాడుతుంది.

దారుల పని కార్తీకం తర్వాత, నేల ఆరాక పెట్టుకోండి. కొత్తగా పోసిన మట్టి ఎక్కడైనా ఉంటే దాని మీద ఈ వానలు పూర్తిగా పడనివ్వండి, కుంగేది ఇప్పుడే కుంగిపోతుంది. మొక్కలు వచ్చే జూన్‌లో నాటుకోవచ్చు. లిల్లీ దుంపలు ఇంకా బతికే ఉంటే ఇప్పుడే తవ్వి కుండీల్లోకి మార్చండి. ఆ గట్టిపడిన అడుగు వెడల్పు బాటను మాత్రం ఇప్పుడు తవ్వకండి, దారి అక్కడే వస్తుంది.

మీ వారితో ఇదంతా ఒకేసారి చెప్పకండి. నీళ్ల లెక్క, 472 చదరపు అడుగుల లెక్క ఒక కాగితం మీద రాసి, ఆయన తెచ్చిన ఎస్టిమేట్ పక్కన పెట్టండి. ఆయన అన్నీ విన్నాక కూడా మొత్తం టైల్స్ కావాలంటే, కనీసం గోడ వెంట మూడడుగుల మట్టి పట్టీ, ఇంకుడుగుంత, వేపచెట్టు చుట్టూ ఆరడుగుల వలయం అడగండి. వాటితో కూడా ఒక మనిషి కూర్చునే తోట అవుతుంది, చిన్నదే అయినా.

స్కెచ్‌లో ఉతికే బండకూ దండేనికీ మధ్య మీరేమీ గీయలేదు. 20 అడుగులన్నది నా అంచనా మాత్రమే. తడి బట్టల బకెట్ మోసుకుంటూ మీ పనమ్మాయి ఎటు నడుస్తోందో చూసి, ఎన్ని అడుగులో కొలిచి రాయండి.